పందొమ్మిదో పేజీ దాకా

దేవుడి దీపం ముందు చెయ్యి చాచి చెబుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా నా నోట్లో పళ్ళు రాలిపోవాలి. ఇప్పటికే నాలుగు రాలాయి, అవి పాత అబద్ధాలవి.

ప్రమాణం దాకా ఎందుకంటే మా ఊళ్ళో నా మాటకున్న విలువ అలాంటిది. చిన్నప్పుడు పెద్ద తుఫాను వెళ్ళిన మర్నాడు మా మేక కనిపించలేదు. అది గాలికి ఎగిరి సముద్రం దాటి పక్కనున్న రేయూనియన్ దీవిలో దిగిందనీ, అక్కడొక తెల్లదొర దాన్ని ముద్దుచేసి ఓడలో తిప్పి పంపాడనీ, వచ్చాక మన గడ్డి ముట్టడం లేదనీ బడిలో చెప్పాను. సగం మంది పిల్లలు మేకని చూడ్డానికి మా ఇంటికొచ్చారు. నిజంగానే అది గడ్డి ముట్టలేదు. అప్పటికే మా అమ్మ పెరట్లోని బీన్సు పాదు మొత్తం మేసి ఉంది. ఆ రోజు నుంచి నా పేరు మాంతేర్, అంటే మా క్రియోల్‌లో అబద్ధాలకోరు.

ఇంకొక్క మాట. ఇంట్లో మేం మాట్లాడుకున్నది క్రియోల్‌లో. ఇక్కడ అందరిచేతా తెలుగు మాట్లాడిస్తున్నాను. దాన్ని అబద్ధాల్లో కలపొద్దు.

మా ఊరు లాల్మతీ దాటాక చెరకు తోటల మధ్య ఉంటుంది. మా తాతలు ఇండియానుంచి కూలికి ఓడలెక్కి ఈ దీవికి వచ్చినవాళ్ళు. వాళ్ళు తెచ్చుకున్న తెలుగులో మా దాకా మిగిలింది అమ్మ, నాన్న, అత్త, మామ, కొన్ని భజన పాటలు, దణ్ణాలు. మిగతాది నేర్పడానికి గుడి పక్క రేకుల పాకలో సాయంత్రం బడి నడిచేది. దాన్ని బైట్కా అనేవాళ్ళం. పొద్దున సర్కారు బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. సాయంత్రం బైట్కాలో తెలుగు. మా గురూజీ పగలు చక్కెర మిల్లు దగ్గర చెరకు బళ్ళు తూచేవాడు, పొద్దుగూకితే చొక్కా మార్చుకుని మాకు పాఠం చెప్పేవాడు. జీతం లేదు. ఎవరో ఒకరి ఇంట్లోంచి టీ వచ్చేది.

పద్నాలుగుమంది పిల్లలకి వాచకం ఒక్కటే. ఇండియానుంచి ఎప్పుడో ఎవరో తెచ్చింది. అట్ట ఊడిపోతే పిండిబస్తా గుడ్డ వేసి కుట్టారు. గురూజీ దాన్ని చాప మధ్యలో పెడితే మేం చుట్టూ కూచునేవాళ్ళం. ఒకడికి అక్షరాలు నిటారుగా, అవతలివాడికి తలకిందులుగా, పక్కలవాళ్ళకి పడుకుని కనిపించేవి. చోట్లు మారేవి కావు. మాలో కొందరికి ఇప్పటికీ తెలుగు తలకిందులుగా పెడితేనే బాగా తెలుస్తుంది. ఇది మేక కథ లాంటిది కాదు. కావలిస్తే వచ్చి చూడండి.

అసలు మాట ఏమిటంటే మాలో చదివేవాడంటూ ఎవడూ లేడు. గురూజీ పాడతాడు, మేం పాడతాం. ఇరవైసార్లు పాడితే పేజీ నోటికి వచ్చేస్తుంది. తర్వాత పుస్తకం చేత్తో పట్టుకుని అప్పజెప్పాలి. దాన్నే చదవడం అనేవాళ్ళం. పుస్తకం పట్టుకోకుండా అప్పజెబితే బెత్తం దెబ్బ. గురూజీ కూడా పుస్తకం ముందు పెట్టుకునే పాడేవాడు గాని ఆయన చూపు గుమ్మం మీద ఉండేది. పుస్తకానికి నలభై పేజీలు. మా పాఠం పందొమ్మిదో పేజీ దాటేది కాదు. పందొమ్మిది అయ్యాక మళ్ళీ ఒకటి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన తండ్రి ఆయనకి అంతవరకే నేర్పాడని చాలా ఏళ్ళకి తెలిసింది. గుళ్ళో రామభజన రోజున పెద్దవాళ్ళూ ఇదే పని చేసేవాళ్ళు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని కళ్ళు మూసుకుని పాడేవాళ్ళు, గుర్తొచ్చినప్పుడు ఒక పేజీ తిప్పేవాళ్ళు. అది మోసం కాదు మాకు. పుస్తకానికి ఇచ్చే మర్యాద.

అలాంటి చోట చూపు పోతున్న పిల్లని పట్టుకునేదెవరు?

ఆ పిల్ల మా చెల్లి. అప్పటికి తొమ్మిదేళ్ళు, నాకు పదకొండు. పొద్దున సర్కారు బడిలో అందరికన్నా మొద్దు తనే. పలక మీద రాసిందొకటి, నల్లబల్ల మీద ఉన్నదొకటి. మిస్సు చెవి మెలేసి వెనక బెంచీలో పడేసింది. వెనక్కి వెళ్ళినకొద్దీ తప్పులు పెరిగాయి. సాయంత్రం బైట్కాలో మాత్రం తనంత చదువరి లేదు. రెండుసార్లు వింటే చాలు, పేజీ మొత్తం తప్పు లేకుండా వచ్చేది. పుస్తకాన్ని ముక్కుకి ఆనించి పట్టుకునేది. "చూడండి, ఎంత భక్తో," అనేవాడు గురూజీ.

మా అమ్మానాన్నలు దీన్నుంచి తేల్చుకున్నది ఏమంటే, పిల్ల బుర్రకి దొరల భాష ఎక్కదు, మన భాష ఎక్కుతుంది. నాన్న చెరకు నరికే కూలి. పొలంలో ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ ఏడాది చెల్లి నడిచేటప్పుడు గడ్డం పైకెత్తడం మొదలెట్టింది. ఊరివాళ్ళకి అది పొగరులా కనిపించింది. "చదువు ఎక్కువైంది, ఇక నేల మీద చూడదు," అంది పక్కింటి అత్త. నేల మీద చూసేది. ఎదురుగా ఉన్న కొమ్మనే చూసేది కాదు. జామచెట్టు కొమ్మ తగిలి నుదురు రెండుసార్లు చీరుకుంది.

ఒక ఆదివారం ఇద్దరం తోట గట్టున ఆవుకి గడ్డి కోస్తున్నాం. చెల్లి కొడవలి కింద పెట్టేసింది.

"అన్నా, పైనుంచి నల్లగుడ్డ దిగుతోంది."

"మబ్బు పట్టిందిలే."

"మబ్బు కాదు. నా కంట్లో. మొన్న కనుబొమ్మ దాకా ఉండేది. ఇవాళ ఇంకా దిగింది."

"రెండు కళ్ళలోనా?"

"ఎడమకంటితో నాకు ఎప్పుడూ ఏమీ కనిపించదుగా," అంది, అందరికీ అంతే కదా అన్నట్టు. "కుడికంట్లోనే. తోట తగలబెట్టినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయే, అలా మెరుస్తోంది కూడాను. కళ్ళు మూసుకున్నా మెరుస్తోంది."

నేను తన ఎడమకంటికి ఎదురుగా కొడవలి ఊపాను. రెప్ప కదల్లేదు. కుడికన్ను మాత్రం నా చెయ్యి ఎక్కడుందా అని గడ్డం ఎత్తి వెతుక్కుంటోంది.

ఆ సాయంత్రమే నాన్నకి చెప్పాను. నాన్న వాకిట్లో రాయి మీద కత్తి నూరుతున్నాడు. పక్కన చెంబులో నీళ్ళు. ఆ రాయికి ఒక మూల విరిగి ఉండేది. చెల్లికి ఒక కన్ను లేదనీ, రెండోదాంట్లో నల్లగుడ్డ దిగుతోందనీ చెప్పాను. నాన్న తలెత్తలేదు.

"నల్లగుడ్డ కూడా రేయూనియన్ నుంచే వచ్చిందా?"

"నిజం నాన్నా."

"మేక కూడా నిజమే అన్నావు. ఊరంతా నా ఇంటికొచ్చి మేక మొహం చూసి పోయారు. బైట్కాలో మొదటి పిల్ల అది. కళ్ళు లేకుండా చదువుతోందా? ఆలే, పో, ఆవుకి నీళ్ళు పెట్టు."

వెళ్ళాను. ఆవుకి నీళ్ళు పెట్టాను.

తర్వాత రెండున్నర నెలలు. ఈలోగా ఇండియానుంచి ఒక తెలుగు పెద్దమనిషి దీవికి వస్తున్నాడని కబురొచ్చింది. మన బైట్కాలు చూస్తాడట, పుస్తకాలు పంపిస్తాడట. మా దీవికి స్వాతంత్ర్యం ఇంకో రెండేళ్ళలో వస్తుందనుకుంటున్న రోజులు. దేశం వచ్చినప్పుడు మన తెలుగు కూడా లెక్కలోకి రావాలని పెద్దవాళ్ళ ఆరాటం. పాకకి సున్నం కొట్టారు, మామిడాకులు కట్టారు. ఆయన ముందు చదవడానికి ఎవర్ని నిలబెట్టాలో ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

ఆయన తెల్ల పంచె, నల్ల కోటు వేసుకుని కారులో వచ్చాడు. మా పెద్దవాళ్ళకి తెలిసిన తెలుగంతా మొదటి అయిదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. చెల్లి కొత్త గౌను వేసుకుని, పుస్తకం ముక్కుకి ఆనించి, ఏడో పేజీ గడగడా చదివేసింది. చప్పట్లు.

"చాలా బాగుంది తల్లీ," అన్నాడాయన. పుస్తకం తీసుకుని చాలా పేజీలు ఒకేసారి తిప్పి మళ్ళీ చేతిలో పెట్టాడు. "ఇప్పుడిది చదువు, వినాలనుంది."

అది ఇరవైయారో పేజీ. గురూజీ మొహం చూశాను. పాకకి కొట్టిన సున్నం రంగులో ఉంది.

చెల్లి పన్నెండో పేజీ మొదలెట్టింది. ఒక్క తప్పు లేదు.

"అది కాదమ్మా. ఇక్కడున్నది."

పదమూడో పేజీ మొదలెట్టింది.

ఆయన వంగి చూశాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. జేబులోంచి పెన్ను తీసి చెల్లి మొహం ముందు అటూ ఇటూ తిప్పాడు. తను పదమూడో పేజీ చదువుతూనే ఉంది.

"ఈ పిల్లని డాక్టరుకి చూపించారా?"

గుడిపెద్ద ముందుకొచ్చాడు. "బయపడ్డాది సార్. రోజూ బాగా సదువుతాది."

"ఈ పిల్లకి కళ్ళు కనిపించడం లేదండీ."

"లేదు సార్, కనపడతాది. బయం."

కారు వెళ్ళేదాకా ఆగి, ఇరవైయారో పేజీ తెరవడం ఆయన తప్పన్నట్టు మాట్లాడుకున్నారు. "పరాయివాడి ముందు పరువు పోయింది," అన్నాడు గుడిపెద్ద. ఎవరి పరువు అని ఒక్కరూ అడగలేదు. గురూజీ మూలన కూచుని పుస్తకం కుట్టు సవరించుకుంటున్నాడు. నాన్న మాత్రం చెల్లి పక్కన మోకాళ్ళ మీద కూచుని, పిల్ల మొహం ముందు వేళ్ళు ఆడిస్తున్నాడు. ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి. పిల్ల నవ్వుతోంది. "గాలి తగులుతోంది నాన్నా, ఏం చేస్తున్నావు?"

కంటి డాక్టరు కాత్ర్ బోర్న్ పట్నంలో ఉన్నాడంటే మూడు బస్సులు మారి వెళ్ళాం. ఆ రోజు సంత. డాక్టరు గదిలోకి కూడా కొత్తిమీర వాసన, అమ్మేవాళ్ళ అరుపులు వస్తున్నాయి. ఆయన ముసలాయన. గది చీకటి చేసి, చెల్లి కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూశాడు. నాన్న టోపీ చేత్తో పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. నేను చెల్లి పక్క బల్ల మీద కూచున్నాను.

"మీ ఇంటి గోడలకి లోపల ఏముంది?" అని క్రియోల్‌లో అడిగాడు డాక్టరు.

నాన్నకి అర్థం కాలేదు. "పాత పేపర్లు అంటించాం దొరా. చలిగాలి రాకుండా."

"తుఫానప్పుడు తడిస్తే?"

"ఊడిపోతాయి."

"ఎలా ఊడతాయి?"

"ఒక మూల లేస్తుంది దొరా. ఆ రోజే మైదా జిగురు రాస్తే నిలుస్తుంది. వదిలేస్తే మొత్తం జారి కింద పడుతుంది."

"కంటి వెనక గోడకి కూడా ఒక పొర అంటించి ఉంటుంది," అన్నాడు డాక్టరు. "గుడ్డు పెంకు లోపల ఉంటుందే, అంత పల్చన. చూపంతా దాని మీదే. కొందరు పిల్లలకి కన్ను పొడుగ్గా పెరుగుతుంది, పొర సాగి మరీ పల్చనవుతుంది. ఎడమది ఎప్పుడో ఊడిపోయింది, మీకు తెలీలేదు. కుడిది కిందినుంచి లేచింది. కంట్లో బొమ్మ తిరగబడి పడుతుంది, అందుకే పిల్లకి పైన చీకటి. ఇప్పుడు నడిమి భాగం కూడా ఊడింది."

"జిగురు రాయొచ్చా దొరా?"

"పెద్ద దేశాల్లో కుడుతున్నారు. నడిమి భాగం అంటుకుని ఉండగా వస్తే పంపమని రాసి, ఓడో విమానమో ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు ఆసుపత్రిలో పడుకోబెడతాం, కళ్ళకి కట్టు కట్టి, కదలకుండా. దేవుడి దయ." చెల్లి వైపు తిరిగాడు. "మెరుపులు కనిపించాయా పాపా?"

"వీ, డొక్తేర్," అంది తలూపి.

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"



"నేను చెప్పాను," అన్నాను. "నాన్నకి చెప్పాను. నమ్మలేదు."

నాన్న నా వైపు చూశాడు. కోపం లేదు. గుర్తు తెచ్చుకుంటున్న మొహం. "ఎప్పుడురా?" అన్నాడు చిన్నగా.

"నువ్వు కత్తి నూరుతున్నప్పుడు. మేక కథలా ఉందన్నావు."

నాన్న రోజూ కత్తి నూరేవాడు. మేక మాట వారానికోసారైనా అనేవాడు. కాసేపయ్యాక తల దించుకున్నాడు.

చెల్లిని అయిదు వారాలు వెల్లకిలా పడుకోబెట్టారు. తలకి రెండు వైపులా ఇసుక సంచులు. తుమ్మకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. నేను ఆదివారాలు వెళ్ళి కథ చెబుతానంటే నర్సమ్మ ఒప్పుకోలేదు, నవ్విస్తావు పొమ్మంది. అందుకని నవ్వు రాని కథలు చెప్పాల్సి వచ్చింది. నాకు అవి చేతకాలేదు. చివరికి మా మిల్లు బళ్ళ నంబర్లు చెప్పేవాణ్ణి, వరసగా. కట్టు విప్పిన రోజు కిటికీ ఎటువైపుందో చెప్పగలిగింది. తర్వాతి ఏటికి అదీ పోయింది.

ఇండియా పెద్దమనిషి మాట నిలబెట్టుకున్నాడు. పెట్టె నిండా వాచకాలు వచ్చాయి, పిల్లకొకటి చొప్పున, చెల్లికి కూడా ఒకటి. మిగతావాళ్ళం అప్పటినుంచి నిజంగా చదవడం నేర్చుకున్నాం. గురూజీ కూడా మాతో పాటే. ఇరవయ్యో పేజీ మా ఊరికి అలా వచ్చింది. చెల్లి పుస్తకాన్ని అమ్మ బట్టల పెట్టెలో దాచింది. గుళ్ళో పెద్దవాళ్ళు చెల్లికి భజనలో ముందు వరస ఇచ్చారు. "చూడండి, పుస్తకం లేకుండా ఎన్ని పాటలో," అని వచ్చినవాళ్ళకి చూపించేవాళ్ళు. అందరూ పుస్తకం లేకుండానే పాడతారని తెలిసినవాళ్ళే.

స్వాతంత్ర్యం రోజున బడి మైదానంలో నాలుగు రంగుల జెండా ఎగరేశారు. నాన్న చెల్లిని భుజానికెత్తుకున్నాడు, పదకొండేళ్ళ పిల్లని. "ఎందుకన్నా, దానికేం కనిపిస్తుంది?" అన్నాడు పక్కనున్నాయన. "పైన గాలి బాగుంటుంది," అన్నాడు నాన్న.

అప్పటినుంచి నాన్న నన్ను మాంతేర్ అనలేదు. నేనేం చెప్పినా నమ్మేవాడు. మిల్లు పొగగొట్టంలో సొరచేప దొరికిందన్నా తలూపేవాడు. పెళ్ళిళ్ళలో, గుళ్ళో, బస్సుస్టాపులో, ఎవరైనా చెల్లి సంగతి అడిగితే ఆయనే చెప్పేవాడు. "వాడు నాకు చెప్పాడు. నేను కత్తి నూరుతున్నాను. తలెత్తి చూడలేదు." ఏళ్ళు గడిచేకొద్దీ వివరాలు పెరిగాయి. ఆ రోజు ఎండ ఎలా ఉందో, చెంబులో నీళ్ళు ఎంత ఉన్నాయో కూడా చెప్పేవాడు. చెల్లి పక్కనే కూచుని వినేది. నాన్న పోయేముందు వారం కూడా ఆసుపత్రి మంచం మీద ఎవరో కొత్త నర్సుకి అదే చెప్పాడు.

ఇక పళ్ళ సంగతి చూసుకోవాలి. ప్రమాణం చేశాను గనక ఒప్పుకుంటున్నాను.

కత్తి నూరుతున్న సాయంత్రం లేదు. నేను నాన్నకి చెప్పలేదు. విరిగిన రాయి, చెంబు, రేయూనియన్ మాట, అన్నీ నేను అల్లినవి. కొన్ని డాక్టరు గదిలో అప్పటికప్పుడు, కొన్ని తర్వాత. మిగతాదంతా, తలకిందులు పుస్తకంతో సహా, నిజం.

జరిగింది ఇది. గడ్డి కోసిన రోజున చెల్లి ఆ మాట చెప్పగానే, ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాను. లేదంది. చెప్పొద్దన్నాను. బైట్కాలో నేను తన పక్కన కూచునేవాణ్ణి. నాకు ఒక్క పేజీ కూడా నోటికి రాదు. నా వంతు వచ్చినప్పుడు తను పెదవులు కదపకుండా లైను లైను నాకు అందించేది, నేను గట్టిగా అనేవాణ్ణి. తనకి కళ్ళు లేవని తెలిస్తే బైట్కా మాన్పిస్తారు, నేను దొరికిపోతాను, బెత్తం దెబ్బలు తింటాను. అంతే. ఇంకో పెద్ద కారణం అల్లగలను, నాకది చేతనైన పనే, కానీ లేదు. ఆ తర్వాత పెద్దమనిషి కబురు రాగానే, ఆయన వచ్చి వెళ్ళేదాకా ఆగు, తర్వాత నేనే చెబుతానన్నాను. "సరే అన్నా," అంది.

నాన్న పోయిన ఏడాదికి ఒక మధ్యాహ్నం చెల్లి ఇంటికి వెళ్ళాను. తను బీన్సు ఈనెలు తీస్తోంది. ఆ రోజు డాక్టరు గదిలో నువ్వు పక్కనే ఉన్నావు కదా, నాన్న అన్నేళ్ళూ అందరికీ చెబుతుంటే పక్కనే ఉన్నావు కదా, ఒక్కసారి కూడా కాదనలేదేం అని అడిగాను.

తను చేస్తున్న పని ఆపలేదు.

"నువ్వే కదా అన్నా, ఎవరికీ చెప్పొద్దన్నావు," అంది.